ఏడుసార్లు టేబుల్ చేసిన మహానుభావుడు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. అమెరికాలో ఒక ఊరికి మేయర్‌ని నేను గెలిపించాను. ఆఫీసుకి సెలవు పెట్టి, కాళ్ళరిగేలా తిరిగి, గొంతు పోయేలా అరిచి, మావాళ్ళందరి చేతా ఓట్లు వేయించి మరీ గెలిపించాను. తీరా చూస్తే నేను గెలిపించాల్సింది ఆయన్ని కాదు. ఓడించాల్సింది ఆయన్ని. ఆ సంగతి నాకు తెలిసేసరికి సాయంత్రం నాలుగైంది, నా ఓటు పొద్దున్న ఏడింటికే పడిపోయింది. ఆ క్షణంలో నా మొహం ఎలా ఉందో చూసినావిడ ఒకరున్నారు. ఆ తర్వాత నేను ఎప్పుడు కనిపించినా ఆవిడ ముందు నవ్వుకుని, తర్వాత హలో చెప్పేది.

ఎనభైల మొదట్లో మాట. న్యూజెర్సీలో, పిస్కాటవేకి ఆనుకుని ఉన్న చిన్న టౌన్‌లో ఉండేవాళ్ళం. పేరు చెప్పను, అక్కడ మా బంధువులింకా కాపరం చేస్తున్నారు. నేను ఒక మందుల కంపెనీలో కెమిస్టుని. మా ఆవిడ సీత బ్యాంకులో కౌంటర్ దగ్గర పనిచేసేది. సిటిజన్‌షిప్ వచ్చి రెండేళ్ళు. కొత్తగా కళ్ళజోడు పెట్టుకున్నవాడు కనిపించిన బోర్డల్లా పైకి చదువుతాడు చూడండి, అలా నేను కనిపించిన ఎలక్షన్‌లోనల్లా ఓటు వేసేసేవాణ్ణి. స్కూల్ బోర్డు, నీళ్ళ బోర్డు, ఏ బోర్డైనా సరే.

పైగా నాకు ఇంగ్లీషు బాగా వచ్చునని ఒక జబ్బు. కాలేజీలో మూడేళ్ళు వరసగా డిబేటింగ్‌లో ఫస్టు. ప్రైజుగా ఇచ్చిన లావుపాటి డిక్షనరీని విమానంలో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. టౌన్‌లో మావాళ్ళకి ఏ లెటరొచ్చినా, “భాస్కరానికి చూపించండి, అతను చదివి చెబుతాడు” అనేవాళ్ళు. నేను చదివి చెప్పేవాణ్ణి. అదే కొంప ముంచింది.

అసలు గొడవ ఒక పాత ఫైర్ స్టేషన్ దగ్గర మొదలైంది.

మా పిల్లలకి ఆదివారం తెలుగు క్లాసు యాదగిరి వాళ్ళ బేస్‌మెంట్‌లో జరిగేది. యాదగిరిది వరంగల్, ఇంజనీరు, పిలిస్తే పలికే మనిషి. కానీ ఆ బేస్‌మెంట్‌లో బాయిలర్ ఉంది. అది పది నిమిషాలకోసారి “ౠ...” అని మూలిగేది. పిల్లలూ దానితో పాటు “ౠ...” అనేవాళ్ళు. మా టౌన్ పిల్లలు ౠ పలికినంత బాగా భూమ్మీద ఇంకెవరూ పలకలేదు, మిగతా యాభై అక్షరాలూ మాత్రం రాలేదు. ఉగాదికి వందమంది వస్తే ఉన్నది ఒకే బాత్రూమ్. క్యూ మెట్లెక్కి, వంటింట్లోంచి, వాకిట్లోకి వచ్చేది. చివరికి యాదగిరి భార్య చేతులు జోడించి చెప్పేసింది. “అన్నా, ఈ ఎండాకాలం దాంక ఓర్సుకుంట. తర్వాత నా ఇల్లు నాకు గావాలె.”

అంటే సెప్టెంబర్ నుంచి క్లాసు లేదు.

టౌన్‌కి ఒక పాత ఫైర్ స్టేషన్ ఉండేది. కొత్తది కట్టాక అది ఖాళీగా పడి ఉంది. పెద్ద హాలు, నాలుగు బాత్రూములు. దాన్ని ఆదివారాలు మాకు వాడుకోనివ్వమని మా సంఘం ప్రెసిడెంట్ డాక్టర్ పానకాలరావు గారు రెండేళ్ళ క్రితమే టౌన్ కౌన్సిల్‌కి అప్లికేషన్ పెట్టారు. ఆయన మత్తు డాక్టరు, పెద్దమనిషి, నిదానంగా మాట్లాడతారు. ఆయన మాట్లాడితే ఇంజెక్షన్ అక్కర్లేదని యాదగిరి చాటున అనేవాడు. అప్లికేషన్‌కి జవాబుగా టౌన్ నుంచి మూడు నెలలకోసారి ఒక ఉత్తరం వచ్చేది, “మీ దరఖాస్తు మా దృష్టిలో ఉంది” అని. ఏ దృష్టిలోనో, ఎవరి దృష్టిలోనో తెలీదు. కౌన్సిల్ మీటింగులు వారం మధ్యలో జరిగేవి, ఎవరైనా వెళ్ళి వినొచ్చు. ఒక్కరం కూడా వెళ్ళలేదు. మావాళ్ళకి మీటింగంటే చివర భోజనం ఉండాలి.

ఇంతలో పాత మేయర్ రిటైరవుతున్నాడని తెలిసింది. ఆ సీటు కోసం ఒకే పార్టీలోంచి ఇద్దరు కౌన్సిల్ మెంబర్లు ప్రైమరీలో, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓటింగులో, తలపడుతున్నారు. ఒకరు మిస్టర్ హాల్‌స్టెడ్, ఆరడుగుల మనిషి, ఇన్సూరెన్స్ ఆఫీసు నడుపుతాడు. ఇంకొకరు మిసెస్ డిమార్కో, రిటైరైన నర్సు. మా టౌన్‌లో ఎప్పుడూ ఆ పార్టీయే గెలుస్తుంది కాబట్టి జూన్‌లో ప్రైమరీ గెలిచినవాళ్ళే మేయర్.

సంఘం మీటింగు పెట్టారు, భోజనంతోనే. “ఎవరికి వేద్దాం?” అన్నారు పానకాలరావు గారు.

“హాల్‌స్టెడ్ మా పక్కింటాయన బావమరిది, ఆయనకే వేద్దాం” అని ఒకరు. “ఆడమనిషికి వేద్దాం” అని ఇంకొకరు.

నేను లేచి నిలబడ్డాను. డిబేటింగ్‌లో ఫస్టు వచ్చినవాడు కూర్చుని మాట్లాడడు కదా. “మొహాలు చూసి కాదు, బంధుత్వాలు చూసి కాదు. రికార్డు చూసి వెయ్యాలి. ఇన్నాళ్ళూ కౌన్సిల్‌లో ఎవరేం చేశారో ప్రతి అక్షరం రాసి ఉంటుంది. అది చదివి తీర్పు చెప్పాలి.”

“మరి చదివేదెవరయ్యా?”

నలభై తలకాయలు నా వైపు తిరిగాయి. నేను వినయంగా తల వంచుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే, ఆ తల అలాగే వంచుకుని ఉండాల్సింది.

వరసగా మూడు శనివారాలు టౌన్ లైబ్రరీలో కూర్చున్నాను. మీటింగులో ఎవరేమన్నారో, ఎవరెటు ఓటేశారో రాసిపెట్టిన పుస్తకాలు అక్కడ ఉంటాయి. వాటినే మినిట్స్ అంటారు, చదవడానికి మాత్రం గంటలు పడుతుంది. కుక్కల లైసెన్సుల మీద పదకొండు పేజీలు. చెత్తబండి పొద్దున్న రావాలా మధ్యాహ్నం రావాలా అన్నదాని మీద పెద్ద యుద్ధం. ఎవరిదో చెట్టుకొమ్మ ఎవరింట్లోకో వంగిందని ముప్ఫై పేజీలు. కునుకు తీస్తూ, లేస్తూ, చదువుతూ ఉండగా ఒక్కసారిగా మా పేరు కనిపించింది. “పాత ఫైర్ స్టేషన్ గురించి ఇండియన్ సంఘం దరఖాస్తు. దీన్ని టేబుల్ చేయాలని మిస్టర్ హాల్‌స్టెడ్ ప్రతిపాదించారు. ఎస్ అన్నవారు నలుగురు. నో అన్నవారు: మిసెస్ డిమార్కో.”

నాకు ఒళ్ళు పులకరించింది. టేబుల్ చేయడమంటే ఏమిటో నాకు చెప్పాలా? చిన్నప్పటి నుంచీ పేపర్లో చదువుతున్నదే కదా. మంత్రిగారు పార్లమెంటులో బిల్లు టేబుల్ చేశారు, కమిటీ రిపోర్టు టేబుల్ చేశారు. సభ ముందు పెట్టడం! అడక్కుండానే మా అప్లికేషన్‌ని సభ ముందు పెట్టిన మహానుభావుడన్నమాట ఈ హాల్‌స్టెడ్.

పేజీలు తిప్పాను. మూడు నెలల తర్వాత మళ్ళీ హాల్‌స్టెడ్ టేబుల్ చేశారు, మళ్ళీ డిమార్కో నో. ఇంకో మూడు నెలలకి మళ్ళీ అదే. లెక్కపెట్టాను, ఏడుసార్లు! కొడుకు కాలేజీ సీటు కోసం కన్నతండ్రి కూడా ప్రిన్సిపాల్ గుమ్మం ఏడుసార్లు ఎక్కడు. ముక్కూ మొహం తెలియని మా కోసం ఈ మనిషి ఏడుసార్లు ఎక్కాడు. ఏడుసార్లూ ఆ మహాతల్లి అడ్డుపడింది.

“మహానుభావుడు!” అన్నాను. లైబ్రరీ అంతా ఉలిక్కిపడింది. లైబ్రేరియన్ వేలు పెదవుల మీద పెట్టుకుంది.

ఇంటికి పరిగెత్తాను. సీత వెనక పెరట్లో పాత చీర పరిచి వడియాలు పెడుతోంది. నోట్‌బుక్ చదివి వినిపించాను. సీత వడియం చేత్తోనే పట్టుకుని ఆలోచించింది.

“ఏమండీ, నలుగురు ఎస్ అన్నారు, ఒక్కరే నో అన్నారు. అప్పుడు మనది పాసవ్వాలి కదా?”

చూశారా, బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చునే మనిషికి ఒక్క నిమిషంలో తట్టింది. మూడు శనివారాలు కూర్చున్న నాకు తట్టలేదు. తట్టకపోవడమే కాదు, జవాబు కూడా చెప్పాను.

“నీకు తెలీదు సీతా, ఈ దేశంలో వీటో అని ఒకటుంది. ఒక్కరు కాదంటే చాలు, ఆగిపోతుంది.”

“టౌన్ కౌన్సిల్‌లో కూడానా?”

“అన్నిట్లోనూ ఉంటుంది.”

“ఎవరినైనా ఒకసారి అడగరాదూ?”

“నన్ను అందరూ అడుగుతారు. నేను ఎవర్ని అడగను?”

సీత వడియం చీర మీద పెట్టింది. గట్టిగానే పెట్టింది. అయినా అనుమానం ఉండకూడదని నా ప్రైజు డిక్షనరీ తీసి చూశాను. “టేబుల్: చర్చకై సభ ముందుంచుట.” ఇంకేం కావాలి?

ఆ ఆదివారం బేస్‌మెంట్‌లో నా తీర్పు చదివాను. ఒక్కొక్క మీటింగూ చదువుతుంటే మావాళ్ళ మొహాలు మారిపోయాయి. “ఏడుసార్లా!” అన్నారు పానకాలరావు గారు, ఆయన అంత వేగంగా ఏ మాటా అనగా ఎవరూ వినలేదు.

“మనం ఆమెకేం జేసినమన్నా?” అన్నాడు యాదగిరి బాధగా. “మొన్న గ్రాసరీ స్టోర్ల కలిసి మా పిల్లగాని చెంప గిల్లింది. లోపలింత విషమా!”

బాయిలర్ కూడా “ౠ...” అంది. మా టౌన్‌లో ఓటున్న తెలుగువాళ్ళం నలభైమందిమి, మా మాట వినే గుజరాతీలు ఇంకో ఇరవైమంది. అందరూ హాల్‌స్టెడ్‌కే వెయ్యాలని చేతులెత్తి తీర్మానించారు. లాయరు ఒక్కడూ లేడండీ మాలో. అందరం కెమిస్టులం, ఇంజనీర్లం, డాక్టర్లం. ఒక్క లాయరుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

వారం తర్వాత మిసెస్ డిమార్కో కరపత్రాలు పంచుతూ మా ఇంటికే వచ్చింది. నేను తలుపు తీశాను. తెల్లజుట్టు, చిన్న మనిషి, కాళ్ళకి నర్సుల బూట్లు.

“మీ వాళ్ళ ఫైర్ స్టేషన్ అప్లికేషన్ గురించి నాలుగు మాటలు...” అని మొదలుపెట్టింది.

“మేడమ్, మీ రికార్డు నాకు క్షుణ్ణంగా తెలుసు” అన్నాను, డిబేటింగ్ గొంతుతో.

ఆవిడ మొహం విప్పారింది. “ఓ, చదివారా? చాలా సంతోషం!”

“చదివాను. అందుకే మీకు మా ఇంట్లోంచి ఒక్క ఓటు కూడా రాదు.” తలుపు వేసేశాను.

కిటికీలోంచి చూస్తే ఆవిడ చాలాసేపు ఆ తలుపు వంకే చూస్తూ నిలబడింది. తర్వాత పెరటి వైపు వెళ్ళి సీతతో మాట్లాడి, వడియాలు ఎలా పెడతారో అడిగి తెలుసుకుని వెళ్ళిందట. “ఆవిణ్ణి చూస్తే అలాంటి మనిషిలా అనిపించలేదండీ” అంది సీత. “నటన” అన్నాను.

ఇక హాల్‌స్టెడ్ గారికి సన్మానం జరగాలి కదా! పానకాలరావు గారి పెరట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాం. పులిహోర, గారెలు, గోంగూర పచ్చడి. సూపర్‌మార్కెట్‌లో దొరికిన ఎర్రపూలు తెచ్చి సీత దండ గుచ్చింది. ఆయన వచ్చేటప్పుడే కొంచెం బెదురుగా వచ్చాడు. పదిమంది లేచి నిలబడి చప్పట్లు కొడితే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని.

నేను దండ వేసి, శాలువా కప్పి, ఉపన్యాసం మొదలుపెట్టాను. “మిస్టర్ హాల్‌స్టెడ్! మీరు మా అప్లికేషన్‌ని ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఏడుసార్లు టేబుల్ చేశారు!”

ఆయన చేతిలో గారె ఆగిపోయింది. మొహం పూలతో సమానంగా ఎర్రబడింది. “అదీ... చూడండి... పార్కింగ్ సమస్య ఉంది గనక...” అని నసిగాడు.

“పెద్దమనసున్నవాళ్ళు చేసింది చెప్పుకోరు!” అన్నాను మావాళ్ళ వైపు తిరిగి. చప్పట్లు.

“మీకు... కోపం లేదా?” అన్నాడాయన.

“కోపమా! ఈ టౌన్‌లో మా గురించి అంత శ్రద్ధ తీసుకున్న మనిషి మీరొక్కరే. ఆ మిసెస్ డిమార్కో మీకు ప్రతిసారీ అడ్డుపడిందని కూడా మాకు తెలుసు.”

హాల్‌స్టెడ్ నా మొహంలోకి చూశాడు. వెటకారం ఎక్కడైనా ఉందేమోనని వెతికాడు, దొరకలేదు. పానకాలరావు గారి వంక చూశాడు, ఆయన చేతులు జోడించారు. యాదగిరి వంక చూశాడు, యాదగిరి ఇంకో రెండు గారెలు వేశాడు. ఆ మనిషి బుర్రలో ఏం తిరిగిందో నాకు తర్వాత అర్థమైంది. వీళ్ళలో వీళ్ళకే ఆ హాలు ఇష్టం లేదు కాబోలు, పైకి అడుగుతున్నారు గానీ లోపల రాకూడదనే కోరుకుంటున్నారు కాబోలు, అనుకున్నాడు. ఏడేళ్ళ పిల్లాడికి పరీక్ష వాయిదా పడిందని చెబితే మొహం ఎలా వెలుగుతుందో, అలా ఆ మొహం వెలిగింది.

“అయితే నేను మేయర్నైతే మళ్ళీ టేబుల్ చేయమంటారా?”

“మొదటి మీటింగులోనే చెయ్యాలి!” అన్నాను.

“ఇదిగో నా మాట.” నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మావాళ్ళందరూ లేచి చప్పట్లు. గోంగూర పచ్చడి సీసా కూడా ఇచ్చి పంపించాం.

ప్రైమరీ రోజు వచ్చింది. పొద్దున్న ఏడింటికి, తలుపులు తీయగానే, క్యూలో మొట్టమొదటివాణ్ణి నేను. తెర లాగి, మెషీన్‌లో హాల్‌స్టెడ్ పేరు దగ్గర మీట వంచి, విజయగర్వంతో బయటికొచ్చాను. పోలింగ్ స్థలానికి వంద అడుగుల లోపల ప్రచారం చేయకూడదు. అందుకని స్కూల్ పార్కింగ్ లాట్ చివర హాల్‌స్టెడ్ బోర్డు పట్టుకుని నిలబడ్డాను. సరిగ్గా నా పక్కనే మిసెస్ డిమార్కో తన బోర్డు తనే పట్టుకుని నిలబడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరం భుజం భుజం ఆనుకుని నిలబడ్డాం, ఒక్క మాట లేకుండా. యాదగిరి తన వ్యాన్‌లో మావాళ్ళని విడతలు విడతలుగా దింపుతున్నాడు.

నాలుగవుతుంటే ఆవిడ ఫ్లాస్క్ తీసి రెండు కప్పుల్లో కాఫీ పోసింది. ఒకటి నాకిచ్చింది.

“మిస్టర్ భాస్కరమ్, ఎలాగూ ఎలక్షన్ అయిపోవచ్చింది. ఒక్కటి చెప్పండి. మీ వాళ్ళందరికీ నా మీద ఇంత కోపం ఎందుకు?”

“మీకు తెలీదా? మా అప్లికేషన్‌ని హాల్‌స్టెడ్ గారు టేబుల్ చేసినప్పుడల్లా మీరు నో అన్నారు.”

“అవును, అన్నాను. ఏడుసార్లూ అన్నాను.”

“ఒప్పుకుంటున్నారన్నమాట!”

“ఒప్పుకోవడమేమిటి? టేబుల్ చేయొద్దని పోట్లాడింది నేనొక్కదాన్నే!”

“ఎందుకు చేయొద్దు?”

“ఎందుకంటే మీకు హాలు ఇవ్వాలి గనక!”

 ఇద్దరిలో ఒకరికి మతి పోయిందని ఇద్దరికీ తెలుసు. ఎవరికన్నదే తేలలేదు.

ఆవిడ నెమ్మదిగా, జ్వరంలో ఉన్న రోగిని అడిగినట్టు అడిగింది. “మిస్టర్ భాస్కరమ్, టేబుల్ చేయడమంటే మీరేమనుకుంటున్నారు?”

“సభ ముందు పెట్టడం. చర్చించండి అని.”

ఆవిడ చేతిలో బోర్డు కింద పడింది. “అయ్యో దేవుడా! ఈ దేశంలో టేబుల్ చేయడమంటే పక్కన పడేయడం! చర్చ లేకుండా, ఓటు లేకుండా, బల్ల మీద పారేసి మర్చిపోవడం! ఆయన ఏడుసార్లు మీ అప్లికేషన్ పీక నొక్కాడు!”

కప్పులో కాఫీ నా చొక్కా మీద పడింది. వేడిగానే ఉండి ఉంటుంది, నాకు తెలియలేదు. ఒకటే భాష, ఒకటే మాట, సముద్రం దాటేసరికి తలకిందులైపోతుందా! నా దేశంలో పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టడం, ఈ దేశంలో పాడె ఎక్కించడం! చెవుల్లో బాయిలర్ మోగింది. నలుగురు ఎస్, ఒకరు నో. వీటో కాదు. సీత చెప్పింది. వడియం చేత్తో పట్టుకుని చెప్పింది.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చేలా, కారుకి ఆనుకుని నవ్వింది. “అయితే ఊరంతా చెప్పుకున్న ఆ దండ... ఆ శాలువా... అందుకా!” అప్పుడే యాదగిరి వ్యాన్ వచ్చి ఆగింది. ఆవిడ నవ్వు కూడా ఆగింది.

“అన్నా, ఇంకో ఎనిమిది మందిని పట్టుకొచ్చిన!” అని అరిచాడు యాదగిరి. ఎనిమిది మంది దిగి, నాకు బొటనవేలు చూపిస్తూ లోపలికి నడుస్తున్నారు.

నేను వెంటపడ్డాను. “ఆగండి! ఓటు... ఒక్క నిమిషం... ఆలోచించుకుని వెయ్యండి!”

“ఆలోచించేదేముంది భాస్కరం గారూ, మీరు ఆలోచించారుగా!” అన్నారొకరు.

“వంద అడుగులు దాటారు సార్” అని పోలీసాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. నిజం చెప్పాలంటే, పోలీసాయన లేకపోయినా చెప్పలేకపోయేవాణ్ణేమో. ఏమని చెప్పను? మీకు మూడు శనివారాలు చదివి చెప్పింది తలకిందులుగా చదివానని? తిరిగొచ్చి హాల్‌స్టెడ్ బోర్డు పట్టుకుని నిలబడ్డాను. అది నా తప్పుల్లో రెండోది, మొదటిదానికన్నా పెద్దది.

మర్నాడు పేపర్లో వచ్చింది. హాల్‌స్టెడ్ పదకొండు ఓట్ల తేడాతో గెలిచాడు.

మావాళ్ళు మిఠాయి పంచారు. నాకూ పెట్టారు. మింగుడుపడలేదు. సీతకి మాత్రం చెప్పాను. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు, “వీటో” అంది. అంతే. “వెంటనే అందరికీ చెప్పెయ్యండి” అంది. చెబుతాను, చెబుతాను అంటూ వేసవి దాటించాను. యాదగిరి భార్యని బతిమాలి గడువు సంక్రాంతి దాకా పెంచాం, “మనవాడే మేయరవుతున్నాడు కదా” అన్న ఆశ మీద. నేను ఈలోగా గుట్టుగా సర్దేద్దామని హాల్‌స్టెడ్ ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్ళాను. “ఆ టేబుల్ చేసే విషయం...” అన్నానో లేదో, ఆయన నా వీపు మీద చరిచి, “గుర్తుంది మిత్రమా! నేను మాట తప్పే మనిషిని కాను!” అని ఫోను అందుకున్నాడు. రెండోసారి వెళితే ఇన్సూరెన్స్ పాలసీ అమ్మాడు.

నవంబర్‌లో అసలు ఎలక్షన్ కూడా ఆయనే గెలిచాడు. జనవరిలో, మంచు మోకాళ్ళ దాకా పడినరోజున, కొత్త మేయర్ మొదటి కౌన్సిల్ మీటింగు. చరిత్రలో మొదటిసారి మావాళ్ళు భోజనం లేకపోయినా మీటింగుకి వచ్చారు. పట్టుచీరలు, సూట్లు, ముందు మూడు వరసలూ మావే. చలికాలంలో నాకు చొక్కా తడిసిపోయింది. పైన బల్ల దగ్గర కౌన్సిల్ మెంబరుగానే మిగిలిన మిసెస్ డిమార్కో నన్ను చూసింది. “చెప్పలేదా?” అన్నట్టు కనుబొమ్మలెత్తింది. నేను కళ్ళు దించుకున్నాను.

హాల్‌స్టెడ్ లేచాడు. “మేయర్‌గా నా మొదటి పని, నా ఇండియన్ మిత్రులకిచ్చిన మాట నిలబెట్టుకోవడం. పాత ఫైర్ స్టేషన్ దరఖాస్తుని టేబుల్ చేయాలని ప్రతిపాదిస్తున్నాను!”

“వద్దు!” అని లేచాను.

“టేబుల్ చేసే ప్రతిపాదన మీద చర్చ ఉండదు మిత్రమా” అని చిరునవ్వు నవ్వాడు. “థాంక్స్ తర్వాత చెబుదురుగాని.”

నలుగురు ఎస్. మిసెస్ డిమార్కో, తల రెండు చేతుల్లో పెట్టుకుని, “నో.”

అంతే, మా మూడు వరసలూ లేచి నిలబడ్డాయి. చప్పట్లంటే మామూలు చప్పట్లు కాదు, పైకప్పు మీద మంచు కదిలిపోయేటన్ని. అప్లికేషన్‌ని ఎనిమిదోసారి చంపినందుకు, దాన్ని పెట్టినవాళ్ళే లేచి నిలబడి చప్పట్లు కొట్టిన ఊరు ఈ దేశంలో ఇంకోటి ఉండదు. ప్రపంచంలో రాజకీయ నాయకులందరూ మాట తప్పుతారు కదా. తప్పనివాడు ఒక్కడే పుట్టాడు. వాడొచ్చి నా నెత్తిన పడ్డాడు.

యాదగిరి నన్ను వాటేసుకున్నాడు. “అయిపాయె గదన్నా! తాళాలెప్పుడిస్తరు?”

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మీటింగు హాలు బయట వరండాలో, కోట్లు వేసుకుంటున్న మావాళ్ళందరి మధ్య నిలబడి, మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను. మాట్లాడుతుంటే ఒక్కొక్క నవ్వే ఆరిపోయింది.  యాదగిరి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. మా వెనకాలే వచ్చిన హాల్‌స్టెడ్‌కి మిసెస్ డిమార్కో ఇదంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆయన గోడకి జారగిలబడ్డాడు.

“అంటే వీళ్ళకి నిజంగానే హాలు కావాలా? మరి నాకు దండెందుకు వేశారు?”

పానకాలరావు గారు గొంతు సవరించుకున్నారు. “ఏమయ్యా భాస్కరం, పాతికేళ్ళుగా జనానికి మత్తిస్తున్నాను. ఇంతమందికి ఒకేసారి ఇవ్వడం నా వల్ల కూడా కాలేదయ్యా!”

ముందు నవ్వింది సీత. ఆ తర్వాత వరండా అంతా నవ్వింది, కొందరు నవ్వుతూనే నన్ను తిట్టారు. వచ్చే నెల దరఖాస్తుని మళ్ళీ బల్ల మీద నుంచి పైకి తీయిస్తానని మిసెస్ డిమార్కో మాటిచ్చింది. ఒక్కటే షరతు పెట్టింది, అప్పటిదాకా నేను ఎవరికీ దండ వేయకూడదు. నెల తిరక్కుండా ఓటు పెట్టారు. ఐదుగురూ ఎస్, అందులో హాల్‌స్టెడ్ ఎస్ అన్నిటికన్నా గట్టిగా వినిపించింది. ఆ వసంతంలో మా పిల్లలు ఫైర్ స్టేషన్ హాల్లో మిగతా అక్షరాలు కూడా నేర్చుకున్నారు.

కాబట్టి, ఇది చదువుతున్న పెద్దలందరి ఎదుటా కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ అభ్యర్థి రికార్డూ ఒంటరిగా చదవను. చదివినా అర్థమైందనుకోను. అర్థమైందనుకున్నా నోరు విప్పను. ఒకవేళ పాతజబ్బు తిరగబెట్టి నోరు విప్పినా, మీకు దణ్ణం పెడతాను, నేను ఎవరికి వెయ్యమంటే వాళ్ళకి మాత్రం ఓటు వెయ్యకండి.